భాషకు ద్వారం తెరిచే వేళ: వికీపీడియా భాషా ప్రతిపాదన విధానం – ఒక విమర్శ

2001 జనవరి 15న ఆంగ్లంలో మొదలైన వికీపీడియా సుమారు రెండు నెలలకే, మార్చి మధ్యనాటికి, జర్మన్, కాటలాన్ భాషల్లోకి అడుగుపెట్టింది. ఆ రోజుల్లో ఒక కొత్త భాషను చేర్చడమంటే ఎవరో ఒకరు అడగడం, నిర్వాహకులు సర్వరులో చోటివ్వడం, అంతే. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైనదీ ఆ సరళమైన పద్ధతిలోనే. రాసేవారు ఎందరున్నారని గాని, చదివేవారు ఎక్కడున్నారని గాని, భాషకు ప్రామాణిక రూపం ఏదని గాని అప్పుడు ఎవరూ నిలదీయలేదు. నేడు 340కి పైగా భాషల్లో విస్తరించిన ఆ ప్రాజెక్టులో కొత్తగా చేరదలచిన భాష ఒక విధానపత్రాన్ని దాటుకొని రావాలి. ఆ పత్రాన్ని అమలుచేసేది 2006లో ఏర్పడిన భాషా సంఘం. ఈ పేరు వినగానే తెలుగు పాఠకునికి అధికార భాషా సంఘం స్ఫురించడం సహజమే గాని, రెండింటికీ పోలిక లేదు. ఈ సంఘానికి ఆదేశించే అధికారం లేదు; తలుపు తీయడమో తీయకపోవడమో మాత్రమే దాని చేతిలో ఉంది.

ఒక స్వచ్ఛంద ప్రాజెక్టుకు చెందిన పరిపాలనా నియమాలు సాహిత్య, భాషా పరిశోధకులకు ఎందుకు పట్టాలన్న ప్రశ్న రావచ్చు. ఆ పత్రం 'ఏది భాష', 'ఏ భాష రాతకు అర్హం' అన్న రెండు ప్రశ్నలకు ఆచరణలో సమాధానం చెబుతోంది. తెలుగులో ఈ ప్రశ్నలకు శతాబ్దానికి పైబడిన చరిత్ర ఉంది. వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపిన గిడుగు రామమూర్తే సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణమూ (1931) నిఘంటువూ (1938) సమకూర్చారు. ఈ రెండు కృషులను సాధారణంగా వేర్వేరు అధ్యాయాలుగా బోధిస్తున్నారు. వాటి వెనుక ఉన్న ప్రమేయం మాత్రం ఒకటే: మాట్లాడే జనం ఉన్న భాషకు రాతలోకి రావడానికి వేరే అర్హతాపత్రం అక్కరలేదు. వికీపీడియా విధానాన్ని ఈ ప్రమేయం ఎదుట నిలబెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

విధానపు షరతులను క్లుప్తంగా ఇలా చెప్పవచ్చు. ప్రతిపాదిత భాషకు ఐఎస్‌ఓ 639 ప్రమాణం ప్రకారం సంకేతం ఉండాలి. అప్పటికే ఉన్న మరో భాషా వికీలో ఇమడలేనంత భిన్నంగా అది ఉండాలి. ఒక సముదాయాన్ని, ఒక పాఠకవర్గాన్ని ఏర్పరచగలిగినంత మంది భాషకులు ఉండాలి. ఈ ప్రాథమిక అర్హతలు కుదిరాక, 2006లోనే మొదలైన ఇంక్యుబేటర్ అనే ప్రయోగశాల వంటి వికీలో వ్యాసాలు రాస్తూ, సాధారణంగా కనీసం ముగ్గురు సభ్యులు కొన్ని నెలలపాటు ఎడతెగకుండా పనిచేస్తున్నట్లు నిరూపించాలి. తెరపై కనిపించే ముఖ్యమైన సూచనలు, మీటల పేర్లు ఆ భాషలోకి అనువాదం కావాలి. చివరగా, రాసినది నిజంగా ఆ భాషలోనే ఉందని బయటి నిపుణుడొకరు ధ్రువీకరించాలి. వీటిలో ఎక్కడా ఓటింగుకు విలువ లేదు, వాదనకే విలువ.

ఓటును పక్కన పెట్టడానికి బలమైన కారణమే ఉంది. 2006లో సైబీరియన్ పేరుతో ఒక వికీపీడియా తెరుచుకుంది. రష్యా ఉత్తర, తూర్పు ప్రాంతాల మాండలికాల నుంచి పదాలు ఏరి, ఏడాది క్రితమే కూర్చిన కల్పిత ప్రామాణిక భాష అది. మద్దతుదారుల ఓట్లతో వచ్చింది, 2007లో అభ్యంతరాల ఒత్తిడితో మూతపడింది. ఆ భాషకు ఐఎస్‌ఓ సంకేతం లేదు. ఇంట్లో ఆ భాష మాట్లాడే కుటుంబమూ లేదు. ఈ ఉదంతం తరువాత సంకేతాన్ని తప్పనిసరి చేయడం అర్థం చేసుకోదగినదే. అయితే సంకేతం ఉన్నంత మాత్రాన భాషకు జీవం ఉన్నట్లు కాదు. దూరదర్శన్ ధారావాహికలోని గ్రహాంతరవాసుల కోసం సృష్టించిన క్లింగన్‌కూ ఐఎస్‌ఓ సంకేతం ఉంది! ఆ భాషలోనూ ఒక వికీపీడియా 2004లో మొదలై మరుసటి ఏడాదే మూతపడింది. కనుక సంకేతం వడపోత మాత్రమే. దాన్ని నిర్వచనంగా పొరబడకూడదు.

విధానపత్రంలో మొదటి బలహీనత ఇక్కడే ఉంది. ఐఎస్‌ఓ 639-3 జాబితాను నిర్వహించే బాధ్యత ఎస్ఐఎల్ అనే సంస్థది. బైబిలు అనువాదాల అవసరం నుంచి పుట్టిన భాషా పరిశోధన దాని మూలం. ఆ సంస్థ కృషిని తక్కువచేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. లిపిలేని వందలాది భాషల వర్ణన ఆ కృషి వల్లే అందుబాటులోకి వచ్చింది. కానీ అనువాదకుని ప్రశ్న 'ఈ ఊరివారికి ఆ ఊరి పుస్తకం అర్థమవుతుందా' అన్నది. సముదాయం తనను తాను అడుగుకునే ప్రశ్న 'మేమందరం ఒక భాషవారమా' అన్నది. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబును రెండవదానికి జవాబుగా స్వీకరించినప్పుడు ఏమవుతుందో తెలుగు నేలకు బాగా దగ్గరైన ఒక భాషలోనే చూడవచ్చు.

గోండి భాషకులు 2011 జనగణన ప్రకారం 29.84 లక్షల మంది. తెలంగాణ, మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ మొదలైన రాష్ట్రాల్లో వారు విస్తరించి ఉన్నారు. ఐఎస్‌ఓ జాబితాలో గోండికి ఒక సమష్టి సంకేతం ఉంది. దాని కింద ఉత్తర గోండి, అహేరి గోండి, ఆదిలాబాద్ గోండి అనే మూడింటికి వేర్వేరు సంకేతాలు ఉన్నాయి. గతంలో దక్షిణ గోండి పేరిట ఒకటిగా ఉన్నది తరువాతి కాలంలో అహేరి, ఆదిలాబాద్ శాఖలుగా చీలింది. ఇక గోండి వికీపీడియా కావాలనుకునేవారు ఏ సంకేతంతో అడగాలి? సమష్టి సంకేతంతో అడిగితే 'ఇది ఒక భాష కాదు, భాషల గుంపు' అన్న అభ్యంతరం ఎదురవుతుంది. విడి సంకేతంతో అడిగితే, ఆదిలాబాద్ గోండు ఒక వికీలోను, గోదావరి దిగువన ఉన్న అతని బంధువు మరొక వికీలోను రాయవలసి వస్తుంది. పరస్పరం అర్థం కావడంలో ఉన్న ఇబ్బంది వాస్తవమే. దాన్ని అధిగమించాలన్న సంకల్పమూ అంతే వాస్తవం. పలు రాష్ట్రాల గోండి భాషకులు 2014 నుంచి కొన్నేళ్ళపాటు కార్యశాలల్లో కూర్చుని ఉమ్మడి నిఘంటువు కోసం పదాలు ఎంచుకున్నారు. ఒక్కొక్క పదానికి ఏ ప్రాంతపు రూపాన్ని తీసుకోవాలన్న చర్చ అక్కడ జరిగింది. అది ప్రామాణీకరణ. సంకేతాల పట్టిక అటువంటి క్రియను నమోదు చేయలేదు. పూర్తయిన స్థితిని మాత్రమే నమోదు చేయగలదు.

లిపి విషయం మరింత చిక్కైనది. హైదరాబాదు సంస్థానంలో 1940లలో హైమన్‌డార్ఫ్ ప్రోద్బలంతో మార్లవాయి కేంద్రంగా నడిచిన గోండు విద్యాపథకంలో వాచకాలను దేవనాగరిలో ముద్రించారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో మాతృభాషా విద్యను ఆరంభించినప్పుడు పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. ఈ మధ్యలో ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో లభించిన రాతప్రతుల ద్వారా గోండికి తనదైన లిపి ఒకటి వెలుగులోకి వచ్చింది. 2018లో అది యూనికోడ్ ప్రమాణంలో చేరింది. 1918లో మున్షీ మంగళ్‌సింగ్ మసారం రూపొందించిన మరో లిపి అంతకు ఏడాది ముందే, 2017లో, యూనికోడ్‌లోకి వచ్చింది. అంటే ఒక భాష, నాలుగు లిపులు. ఆదిలాబాద్‌లో బడికి వెళ్ళిన గోండు యువకుడు తెలుగు లిపిలో హాయిగా చదవగలడు. చంద్రపూర్ యువకునికి దేవనాగరి అలవాటు. సెర్బియన్ వికీపీడియా సిరిలిక్, లాటిన్ లిపుల మధ్య ఒకే వ్యాసాన్ని యాంత్రికంగా మార్చి చూపుతోంది కనుక ఇది పరిష్కరించలేని సమస్య కాదని అనిపించవచ్చు. కానీ అక్కడ రెండు లిపుల్లోనూ వర్ణసంపద ఒక్కటే. ఎ–ఏ, ఒ–ఓ హ్రస్వదీర్ఘ భేదాన్ని తెలుగు లిపి చూపినట్లు ఇప్పటి వాడుక దేవనాగరి చూపదు. తెలుగు లిపి నుంచి దేవనాగరికి వెళ్ళిన పాఠం తిరిగి వచ్చేటప్పుడు ఆ భేదాన్ని కోల్పోతుంది. ద్వారం తెరిచే ముందు అడగవలసిన ప్రశ్న ఇదీ. విధానపత్రం దీన్ని ప్రత్యేకమైన ప్రశ్నగా గుర్తించినట్లు కనిపించదు.

పోలికకు సంతాలీ, తుళు భాషలను చూడవచ్చు. సంతాలీ వికీపీడియా 2018 ఆగస్టులో ఓల్ చికి లిపిలో వెలువడింది. 1925లో రఘునాథ్ ముర్ము కల్పించిన ఆ లిపి 2008 నాటికే యూనికోడ్‌లో ఉంది. 2003 రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదవ షెడ్యూలులో కూడా చేరింది. లిపి, ముద్రణ, రాజకీయ గుర్తింపు మూడూ కుదిరాక వికీ వచ్చింది. తుళు కథ భిన్నం. 18.46 లక్షల మంది భాషకులున్న తుళుకు షెడ్యూలులో స్థానం లేదు. సొంత లిపి యూనికోడ్‌లో చేరింది 2024లోనే. అయినా 2016లోనే కన్నడ లిపిలో తుళు వికీపీడియా తెరుచుకుంది. రాజ్యాంగ గుర్తింపుతో నిమిత్తం లేకుండా, రాసేవారి కృషిని మాత్రమే చూసి భాషా సంఘం తలుపు తెరవడం ఆ విధానానికి ఉన్న అసలైన గొప్పతనం. ప్రభుత్వాలు దశాబ్దాలుగా తేల్చని విషయాన్ని అది నెలల తరబడి సాగిన రాతను చూసి తేల్చగలుగుతోంది. ఈ మెప్పు ఇవ్వకుండా దాన్ని విమర్శించడం న్యాయం కాదు.

అయితే ఆ తుళు వికీ ఇంక్యుబేటర్‌లో సుమారు ఎనిమిదేళ్ళు గడిపింది. రెండవ బలహీనత ఈ నిరీక్షణకు సంబంధించినది. ఇంక్యుబేటర్‌ను తటస్థమైన పరీక్షాస్థలంగా విధానం భావిస్తుంది. ఆచరణలో అది ప్రతికూలమైన స్థలం. అక్కడ ప్రతి వ్యాసం పేరుకు ముందు ఒక సంకేతపు తోకను తగిలించాలి. మిగిలిన భాషల వ్యాసాలతో మామూలుగా ఉండే అనుసంధానం ఉండదు. తన భాషలో ఏదో వెతుకుతూ అంతర్జాలంలోకి వచ్చిన పాఠకుడు అక్కడికి చేరే దారి దాదాపు లేదు. పాఠకుడు లేనిచోట రచయిత ఎంతకాలం నిలుస్తాడు? సముదాయం ఏర్పడిందని నిరూపించమని అడుగుతూ, సముదాయం ఏర్పడడానికి కావలసిన పాఠక సంబంధాన్నే ఆ ఏర్పాటు తెంచివేస్తోంది. మొక్క వేరూనిందో లేదో చూడడానికి దాన్ని నీడలో ఉంచినట్లుంది ఈ పరీక్ష.

తెలుగు వికీపీడియా సొంత చరిత్ర ఈ వాదానికి బలమిస్తుంది. 2003 చివర తెరుచుకున్నా, తొలి ఏడాదికి పైగా అక్కడ పెద్దగా కదలిక లేదు. కంప్యూటర్లో తెలుగు టైపు చేయడం ఆనాడు చాలామందికి తెలియని విద్య. ఖతులు సరిగా కనిపించేవి కావు. 2005 నుంచి రాసేవారు పెరిగారు. పద్మ, లేఖిని వంటి ఉపకరణాలు తెలుగు టైపింగును అందరికీ అందుబాటులోకి తెచ్చాయి. రచ్చబండలో చర్చలు మొదలయ్యాయి. ఈ క్రమంలో గమనించవలసింది ఒకటుంది. వచ్చినవారు వచ్చేసరికి అక్కడ తమ భాష పేరుతో, తమ భాషలోనే ముఖద్వారం ఉన్న ఒక ఇల్లు సిద్ధంగా ఉంది. నేటి షరతులను 2004కు వర్తింపజేసి ఉంటే తెలుగు ఎన్నేళ్ళు ఇంక్యుబేటర్‌లో ఉండేదో ఊహించవలసిందే. ఈ వాదాన్ని మరీ సాగదీయకూడదు కూడా: తెలుగుకు అప్పటికే కోట్లాది అక్షరాస్యులు, పత్రికలు, విజ్ఞాన సర్వస్వాల సంప్రదాయం ఉన్నాయి. ఖాళీ ఇంటిని నింపే జనం బయట ఉన్నారు. గోండికి గాని కొలామికి గాని అటువంటి భరోసా లేదు.

పాతవారికి ఒక నియమం, కొత్తవారికి మరొకటి అన్న అసమానత కూడా ఇక్కడే ఉంది. 2011 జనగణనలో సంస్కృతాన్ని మాతృభాషగా చెప్పుకున్నవారు 24,821 మంది. విధానం రాకముందే తెరుచుకున్న సంస్కృత వికీపీడియాను భాషకుల సంఖ్య గురించి ఎవరూ ప్రశ్నించరు. దానికి నూరు రెట్లకు మించిన భాషకులున్న గోండి నేడు అడిగితే ప్రతి షరతుకూ జవాబు చెప్పుకోవాలి. సంస్కృత వికీని మూయాలని ఎవరూ కోరనక్కరలేదు. భాషకుల సంఖ్య అనే కొలమానం ఎంత అస్థిరమైనదో ఈ జంట చూపిస్తుంది, అంతే.

మరి తలుపులన్నీ బార్లా తెరిస్తే? దానికి జవాబు స్కాట్లండులో దొరికింది. 2005లో మొదలైన స్కాట్స్ వికీపీడియాలో వేలాది వ్యాసాలను ఆ భాష రాని ఒక అమెరికన్ బాలుడు ఏళ్ళ తరబడి రాశాడని 2020 ఆగస్టులో బయటపడింది. ఆంగ్ల వాక్యాల్లో అక్కడక్కడ పదాల వర్ణక్రమం మార్చి స్కాట్స్‌గా చెలామణీ చేసిన రాత అది. కుర్రవాని దురుద్దేశం కన్నా ఆశ్చర్యపరిచేది, అన్నేళ్ళపాటు ఆపి దిద్దినవారు లేకపోవడం. గ్రీన్‌లాండిక్ వికీపీడియా కథ ఇంకా విషాదకరం. 2003 నుంచి ఉన్న ఆ వికీలో యంత్రానువాదాల చెత్త పేరుకుపోయి, భాషకులు దాదాపు ఎవరూ మిగలకపోవడంతో, దాన్ని మూసివేయాలని 2025లో నిర్ణయం జరిగింది. చిన్న భాషల విషయంలో ఇటువంటి రాత ఆ వికీకే పరిమితం కాదు. అంతర్జాలంలో ఆ భాషలో దొరికే పాఠమే తక్కువ. యంత్రాలు భాష నేర్చుకునేది అంతర్జాలం నుంచే. తప్పుల పాఠం రేపటి యంత్రానువాదానికి గురువవుతుంది. ఆ అనువాదం తిరిగి వికీలో వ్యాసమవుతుంది. సెబువానో వికీపీడియాలో ఒక రోబో తయారుచేసిన వ్యాసాలతో సంఖ్య 60 లక్షలు దాటింది. ఆ సంఖ్య భాష ఆరోగ్యాన్ని గురించి చెప్పేది ఏమీ లేదు. తెలుగు వికీలో కూడా గ్రామాల పేర్లతో యాంత్రికంగా సృష్టించిన పుటలు వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటిని తరువాత మనుషులు విస్తరించారు. ఆ విస్తరించే మనుషులు ఉండడమే తెలుగుకూ గ్రీన్‌లాండిక్‌కూ ఉన్న తేడా.

ఈ ఉదాహరణల్లో ఒక అంశం మళ్ళీ మళ్ళీ తగులుతోంది. విధానం రాసేవారిని లెక్కపెడుతోంది. దిద్దేవారిని లెక్కపెట్టడం లేదు. నెలకు ఇన్ని దిద్దుబాట్లు చేసిన ముగ్గురు అన్న కొలత తేలికగా తేలుతుంది గనుక దాన్ని ఎంచుకున్నారు. స్కాట్స్ వికీలో ఆ కొలతకు లోటు రాలేదు. ఆ బాలుడు ఒక్కడే ఎందరి పనో చేశాడు. కావలసిన కొలత మరొకటి: ఒకరు రాసిన వాక్యాన్ని మరొకరు 'మా ఊళ్ళో ఇలా అనరు' అని తిరస్కరించిన సందర్భాలు ఆ ప్రయోగవికీలో ఎన్ని ఉన్నాయి? చర్చాపుటల్లో ఆ భాషలోనే వాదం జరుగుతోందా, లేక వ్యాసం ఒక భాషలోనూ వాదం హిందీలోనో తెలుగులోనో ఆంగ్లంలోనో సాగుతోందా? భాష గురించి ఆ భాషలోనే పోట్లాడుకోగలిగే స్థితికి వచ్చినప్పుడు ఆ సముదాయం రాతలో నిలదొక్కుకుందని నమ్మవచ్చు. తెలుగులో గ్రాంథిక వ్యావహారిక వివాదం జరిగినప్పుడు రెండు పక్షాలూ తెలుగులో కూడా వాదించాయన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం.

మరొక అడ్డంకి విధానపత్రంలో లేదు. విజ్ఞాన సర్వస్వపు స్వభావంలోనే ఉంది. వికీపీడియాలో ప్రతి మాటకూ ప్రచురితమైన ఆధారం కావాలి. పర్ధాన్‌లు కింగ్రీ వాయిస్తూ తరతరాలుగా గానం చేస్తున్న గోండుల వంశగాథలకు ఆధారం గాయకుని గొంతే. 2011లో వికీమీడియా సహాయంతో జరిగిన ఒక ప్రయోగంలో మలయాళం, హిందీ, సెపేడి భాషల్లో మౌఖిక సంభాషణలను ధ్వనిముద్రించి, వాటిని ఆధారాలుగా చూపి వ్యాసాలు రాశారు. ఆ ప్రయోగం వివాదాలు ఎదుర్కొంది; పద్ధతిగా స్థిరపడలేదు. ఆధార నియమం మారకపోతే గోండి వికీపీడియాలో గోండుల గురించిన వ్యాసాలకు హైమన్‌డార్ఫ్ ఆంగ్ల గ్రంథాలే మూలాలవుతాయి. తమ గురించి ఇతరులు ఇతర భాషలో రాసినదాన్ని తిరిగి తమ భాషలోకి అనువదించుకోవడమే ఆ సముదాయానికి దక్కే పని అవుతుంది.

అందుకే తొలి అడుగుగా విజ్ఞాన సర్వస్వాన్ని కాక నిఘంటువును ఎంచుకోవడం కొన్ని భాషలకు మేలు. వికీమీడియా ప్రాజెక్టుల్లో విక్షనరీకి కూడా విడిగా భాషాశాఖలు ఉన్నాయి. ఇంక్యుబేటర్ వాటికీ చోటిస్తుంది. పదానికి ఉచ్చారణను ధ్వనిముద్రణగా జోడించవచ్చు. ఉట్నూరు రూపం, అహేరి రూపం, బస్తరు రూపం ఒకే పుటలో పక్కపక్కన ఉండవచ్చు. నాలుగు లిపుల్లోనూ శీర్షికలు ఇవ్వవచ్చు. ఎవరి మాట ప్రామాణికమన్న తగవును ముందుగా తేల్చుకోవలసిన అవసరం నిఘంటువుకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో సాగిన మాండలిక వృత్తిపదకోశాల కృషి ఈ పద్ధతికి తెలుగులోనే ఉన్న పూర్వోదాహరణ; భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదకోశం ఒక్కొక్క పనిముట్టుకు జిల్లాల వారీగా రూపాలను చూపింది. ఏ జిల్లా రూపమూ మరొకదాన్ని తోసివేయలేదు.

భాషా సంఘం చివరి షరతు నిపుణుని ధ్రువీకరణ. ఆదిలాబాద్ గోండిలో రాసిన ప్రయోగవికీ ఆమోదానికి వస్తే ఆ సంతకం ఎవరిది కావాలి? గోండిపై పరిశోధన చేసిన భాషాశాస్త్రవేత్తల పేర్లు ముందుగా స్ఫురిస్తాయి. తెలుగు శాఖల్లోని జానపద పరిశోధకుల పేర్లు కూడా. వారు వ్యాకరణం ఎరిగినవారు, కానీ ఎక్కువమంది ఆ భాషలో పెరిగినవారు కారు. 2004 తరువాత మాతృభాషా వాచకాలను తరగతిగదిలో పిల్లల ముందు తెరిచిన గోండు ఉపాధ్యాయులు ఉన్నారు. పుస్తకంలోని ఏ పదాన్ని చూసి పిల్లలు నవ్వారో, ఏ పదాన్ని వెంటనే అందుకున్నారో వారికి తెలుసు. నిపుణుని అర్హతను నిర్వచించే చోట విధానం విద్యాసంస్థ పేరు అడగకుండా ఈ అనుభవాన్ని అడిగితే, ఉట్నూరులోని ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుని సంతకం ఆ పత్రానికి సరిపోతుంది.